పులస పురిటిల్లు

(నవంబరు 21, ప్రపంచ మత్స్యకార దినోత్సవం సందర్భంగా కోనసీమలోని ఒక కళాశాలలో జరిగిన సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. వేట మానుకుని వచ్చిన అన్నదమ్ములకి, పొద్దున్నే బేరాలు ముగించుకుని వచ్చిన అక్కచెల్లెళ్ళకి, ఈ కాలేజీ పిల్లలకి, వెనక నిలబడ్డ పెద్దలకి నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం చేపల సంరక్షణ. అంత పెద్ద మాట పట్టుకునే ముందు ఒక చిన్న ప్రశ్న అడుగుతాను. దసరా వెళ్ళాక, తూర్పు గాలి తిరిగిన రోజుల్లో, మీ ఇళ్ళలో చీరమేను వండుకున్నవాళ్ళు ఎంతమంది? మొహమాటపడకుండా చెయ్యెత్తండి.

(చాలా చేతులు లేచాయి.)

దాదాపు సభంతా ఎత్తింది. మరి వరదల్లో, ఎర్రనీరు వచ్చినప్పుడు, పులస తిన్నవాళ్ళు? తక్కువే కనిపిస్తున్నారు. దాని ధర అలా ఉంది. ఒక్క చేప పదివేలు పలికింది, ఇరవై వేలు పలికింది అని ప్రతి ఏడూ పేపర్లో చదువుతున్నాం. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట మనం గొప్పగా చెప్పుకుంటాం. నేను కూడా ఈ రెండూ తిని పెరిగినవాడినే. మా అమ్మ ముప్పై ఏళ్ళు తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మింది. ఆ డబ్బుతోనే నేను చదువుకుని బడిపంతులునయ్యాను. కాబట్టి ఇక్కడ ఎవరినీ తప్పుపట్టడానికి నిలబడలేదు. కానీ మీరెత్తిన చేతుల్ని ఒకసారి కలిపి చూడమని అడుగుతున్నాను. పులస అంటే గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చే తల్లి. చీరమేను అంటే నది మొగల్లోకి, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట్లలోకి, పోటుతో వచ్చే రకరకాల చేపల పసికూనలు. జులై నుంచి తల్లిని తింటున్నాం, అక్టోబరు నుంచి పిల్లని తింటున్నాం. మధ్యలో చేప పెరిగేది ఎప్పుడు?

పులస సంగతి ఈ పిల్లల కోసం కొంచెం చెబుతాను. రేవుల్లో వాళ్ళకి నాకంటే బాగా తెలుసు. సముద్రంలో ఉన్నన్నాళ్ళూ దాన్ని ఇలస అంటాం. బెంగాల్ వాళ్ళు ఇలిష్ అంటారు. గోదావరికి వరదొచ్చి ఎర్రనీరు సముద్రంలో కలిసేసరికి దానికి కబురందుతుంది. గుంపులుగా మొగల దగ్గరికి చేరి, నదిలోకి ఎక్కుతుంది. గౌతమి పాయ మీదుగా, వశిష్ఠ పాయ మీదుగా ధవళేశ్వరం వైపు ఎదురీదుతుంది. ఆ ప్రయాణంలో తిండి బాగా తగ్గించేస్తుంది. ఒంట్లో దాచుకున్న కొవ్వే దానికి ఇంధనం. మనం ఆ రుచినే మెచ్చుకుంటున్నాం. ఒక ఆడచేప కడుపులో లక్షల గుడ్లుంటాయి. పెద్దదైతే పది లక్షలు దాటుతాయి. అవి మంచినీళ్ళలోనే పెట్టాలి, మంచినీళ్ళలోనే పొదగాలి. పిల్లలు కొన్ని నెలలు నదిలోనే పెరిగి, అప్పుడు సముద్రానికి దిగుతాయి. అంటే బంగాళాఖాతంలో ఎంత ఇలస ఉన్నా, దాని పురిటిల్లు మాత్రం ఏరే. మన వైపు ఆ పురిటిల్లు ధవళేశ్వరం కింద ఉన్న గోదావరి.

మా అమ్మ ఒక మాట అనేది. సెన పులస, అంటే కడుపులో గుడ్లున్నది, తట్టలో పడితే ధర ఎక్కువ వస్తుందని అందరూ సంతోషిస్తారు కదండి. అమ్మ దాన్ని అమ్మేది, కానీ అమ్మేటప్పుడు మొహం చిన్నబుచ్చుకునేది. "పురిటికి పుట్టింటికి వచ్చినదిరా ఇది, గడప దాకా రానివ్వలేదు మనం" అనేది. అప్పుడు నాకు పదేళ్ళు. ఆ మాట అర్థం కావడానికి ఇంకో ముప్పై ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చేప గుడ్లు పెట్టే చోట్లని కాపాడాలని చెప్పడం కొత్తేమీ కాదు. 1873లోనే ఫ్రాన్సిస్ డే అనే ఆయన దేశంలోని మంచినీటి చేపల మీద నివేదిక రాసి, సన్నకన్ను వలలతో పిల్లల్ని ఊడ్చేస్తున్నారని, ఆనకట్టలు ఎదురెక్కే చేపలకి అడ్డమవుతున్నాయని హెచ్చరించాడు. 1897లో చట్టం వచ్చింది. మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడం అప్పటి నుంచీ నేరమే. 1994లో మన రాష్ట్రానికి సముద్ర వేట మీద చట్టం వచ్చింది. 2015 నుంచి తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంది. చట్టాలకి లోటు లేదు. వాటి వెనక నిలబడే జనం లేకపోవడమే మన లోటు.

ఆ 61 రోజుల సంగతే చూడండి. సముద్రంలో చాలా చేపలకి అది మేలు చేస్తుంది, నేను ఒప్పుకుంటాను. కానీ జూన్ 14తో నిషేధం అయిపోతుంది. పులస ఎక్కేది జులై నుంచి. సరిగ్గా అది మొగ దగ్గరికి వచ్చే సమయానికి బోట్లన్నీ వలలతో సిద్ధంగా ఉంటాయి. సముద్రంలో కొంత, మొగలో కొంత, పాయల్లో కొంత పట్టేశాక మిగిలింది ధవళేశ్వరం చేరుతుంది. అక్కడ గోడ. బ్యారేజీకి 175 గేట్లున్నాయి. పెద్ద వరదలో గేట్లన్నీ ఎత్తితే తప్ప పైకి దారి దొరకడం కష్టం. కాటన్ దొర ఆనకట్టని మనం పూజిస్తాం, పూజించాలి కూడా, ఈ డెల్టా అన్నం తింటున్నది దానివల్లే. అయితే 1852లో అది పూర్తయిన నాటి నుంచీ ఈ చేప దారి కుదించుకుపోయిందన్నది కూడా నిజమే. ధవళేశ్వరానికి పైన, పోలవరం డ్యాం గేట్లుండే స్పిల్‌వేలో, చేపలు ఎదురెక్కడానికి నిచ్చెన, అంటే మెట్లలాంటి నీటి దారి, పెట్టారు. మంచి పని. కానీ పులస ఆ నిచ్చెన దాకా వెళ్ళాలంటే ముందు ధవళేశ్వరం దాటాలి కదండి. ఆ ప్రశ్న అడిగే జనం కావాలి. ఒక ఊరు అడిగితే వినబడదు.

మొన్న ఒక రేవులో కూర్చుని ఈ మాటలే మాట్లాడుతుంటే, నాకు బాబాయి వరసయ్యే ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటూ అన్నాడు. "ఒరే అబ్బాయ్, నువ్వు చెప్పింది ధర్మమే. నేను ఈ వారం వల ఆపుతాను. అవతలి గట్టువాడు ఆపుతాడా? కింద మొగలో వాడు ఆపుతాడా? నేను వదిలిన చేపని వాడు పట్టి అమ్ముకుంటే, నా పిల్లలకి నేనేం చెప్పను?" నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులు ఆ మాటే బుర్రలో తిరిగింది.

ఆయన అడిగిందే ఈ సభకి అసలు విషయం. చేపకి జిల్లాలు తెలియవు. 2022లో జిల్లాలు విడగొట్టాక ఈ ఏరు ఒక గట్టున ఒక జిల్లా, ఇంకో గట్టున ఇంకో జిల్లాగా నడుస్తోంది. గౌతమి పక్కన యానాం ఉంది. అక్కడి ప్రభుత్వం పుదుచ్చేరిది. అదే నీళ్ళు, అదే చేప, మాట్లాడేది అదే తెలుగు, కానీ రెండు ప్రభుత్వాలు. ఇటు పక్క కట్టడి పెట్టి అటు పక్క అమ్మకం సాగితే ఏమవుతుంది? నిజాయితీగా ఆగినవాడు నష్టపోతాడు. ఒక ఏడు అలా నష్టపోయినవాడు మరుసటి ఏడు ఆగడు. అందుకే ఇది ఒక ఊరి తీర్మానంతో అయ్యే పని కాదు. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా, అన్ని పాయల మీదా, ఒకే రోజుల్లో, ఒకే మాట మీద ఆగాలి.

అలా ఎక్కడైనా జరిగిందా అని మీరడగాలి. జరిగింది. మన పులస జాతి చేపకే జరిగింది. బంగ్లాదేశ్‌లో.

వాళ్ళకి ఇలిష్ అంటే మనకి పులస కంటే ఎక్కువ, అది వాళ్ళ జాతీయ చేప. 2002-03 ప్రాంతంలో వాళ్ళ ఇలిష్ పట్టుబడి ఏడాదికి రెండు లక్షల టన్నుల దగ్గరికి పడిపోయింది. అప్పుడు మేఘన నది కింది భాగంలో, మరికొన్ని పాయల్లో గుడ్లూ పిల్లలూ ఉండే చోట్లని అభయస్థలాలుగా ప్రకటించారు. 25 సెంటీమీటర్ల కంటే చిన్న ఇలిష్‌ని, దాన్ని వాళ్ళు జాట్కా అంటారు, నెలల తరబడి పట్టకూడదన్నారు. ఆశ్వయుజ పౌర్ణమి చుట్టూ, గుడ్లు పెట్టే రోజుల్లో పూర్తి నిషేధం పెట్టారు. ముందు పది, పదకొండు రోజులు, తర్వాత 15, 2016 నుంచి 22 రోజులు. ఆగిన కుటుంబాలకి బియ్యం ఇచ్చారు. జాట్కా నెలల్లో నాలుగు నెలల పాటు, నెలకి 40 కిలోలు. 2017-18కి పట్టుబడి ఐదు లక్షల టన్నులు దాటింది. అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. బియ్యం అందరికీ అందలేదన్న ఫిర్యాదులున్నాయి, దొంగవేట ఉంది, ఈమధ్య పట్టుబడి మళ్ళీ కొంత తగ్గింది కూడా. అయినా అంత పెద్ద నది, అంత పేదరికం ఉన్నచోట ఆమాత్రం నిలబెట్టడం చిన్న విషయం కాదు.

అందులో నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. ఆ 22 రోజులు పట్టడమే కాదు, అమ్మడం నేరం, రవాణా చెయ్యడం నేరం, నిల్వ పెట్టడం నేరం. బజార్లో ఆ చేప ఉండకూడదు. అంటే భారం వలవాడి మీద మాత్రమే వెయ్యలేదు. కొనేవాడు, వండించేవాడు, ఐసు పెట్టెలో దాచేవాడు అందరూ ఆగాలి. మన దగ్గర ఎలా ఉంది? నిషేధం అనగానే పోలీసు రేవుకి వస్తాడు. పట్నంలో హోటలుకి వెళ్ళడు. సెన పులస వేలం పాడినవాడిని ఎవరూ ఏమీ అనరు, పైగా ఫొటో వేస్తారు. వేలు పోసి కొనేవాడు ఉన్నంతకాలం, అప్పుల్లో ఉన్న మనిషిని వల ఆపమనడం అన్యాయం. నా మనసులో ఉన్న బాధ ఇదేనండి. ఈ సభలో తినేవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు. మీరు ముందు ఆగితే, మిమ్మల్ని చూసి రేవు ఆగుతుంది.

(ఒక మత్స్యకార మహిళ లేచి, మరి ఆ రోజుల్లో మాకు గడిచేదెలాగని అడిగారు.)

అడగాల్సిన ప్రశ్న అడిగారమ్మా, కూర్చోండి. సముద్రంలో 61 రోజులు ఆపినందుకు ప్రభుత్వం భృతి ఇస్తోంది. 2019లో అది 10,000 అయ్యింది, 2025లో 20,000 అయ్యింది. ఆ సూత్రం ఒప్పుకున్నారంటే, చేప కోసం ఆగినవాడికి సమాజం బాకీ పడిందని ఒప్పుకున్నట్టే. మరి పురిటి రోజుల్లో ఏటిలో ఆగమంటే ఆ రోజులకీ భృతి రావాలి. పడవ ఉన్నవాడికే కాదు, తట్ట మోసే ఆడమనిషికీ రావాలి. పడవ ఆగితే ముందు ఖాళీ అయ్యేది ఆవిడ తట్టే. ఇది లేకుండా ఎవరైనా కట్టడి గురించి మాట్లాడితే మీరు వినకండి. నేనే వచ్చి మాట్లాడినా వినకండి.

జనాన్ని కలుపుకోకుండా చేస్తే ఏమవుతుందో మనం కొల్లేరులో చూశాం. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని చేపల చెరువుల గట్లు పేల్చేశారు. ఆశయం మంచిదే. అప్పుడు ఆ వార్తలు చూసి నేను సంతోషపడ్డాను. కానీ లంక గ్రామాల పేదలకి, రేపటి నుంచి మీ బతుకు ఇదీ అని చెప్పి ఒప్పించే పని ఆ స్థాయిలో జరగలేదు. తర్వాత చెరువులు మళ్ళీ లేచాయి. ఆ గొడవ ఇప్పటికీ కోర్టుల్లో నలుగుతూనే ఉంది. యంత్రాలతో కొట్టిన గట్టు మళ్ళీ మట్టి పోస్తే లేస్తుంది.

దానికి ఎదురుగా ఇంకో కథ ఉంది, అది మన పక్కనే ఉంది. కోరంగి మడ అడవి. 1978లో అభయారణ్యం అయ్యింది, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. పండుగప్ప పిల్లలు, రొయ్య పిల్లలు, మండపీతలు ఆ మడ వేళ్ళ మధ్యే పెరుగుతాయి. ఒకప్పుడు వంటచెరకు కోసం నరికిన చోట్ల నేల ఉప్పుదేలి, మళ్ళీ మొక్క మొలవలేదు. 1996 నవంబరు తుపాను తర్వాత, తొంభైల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవాళ్ళు, అటవీ శాఖవాళ్ళు ఊళ్ళవాళ్ళతో కూర్చున్నారు. ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు తవ్వారు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పోటుకి నీళ్ళు లోపలికెళ్ళి, పాటుకి బయటికొస్తూ నేలలోని ఉప్పుని కడిగాయి. మడ మొక్కలు బతికాయి. ఆ కాలువలు తవ్విన చేతులు ఆ ఊళ్ళవే. అడవిని చూసుకునే సంఘాలు ఊళ్ళోనే పెట్టుకున్నారు. తుపానులో అయినవాళ్ళని పోగొట్టుకున్న ఊళ్ళకి చెట్టు విలువ ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. నేను ఆ కాలువల గట్టు మీద నడిచాను. మోకాలెత్తు మొక్కలున్న చోట కొన్నేళ్ళకి మనిషెత్తు అడవి చూశాను. ఆ రోజు కలిగిన ధైర్యమే ఇవాళ నన్ను ఇక్కడ నిలబెట్టింది.

ఒక్క గోదావరి సంగతే కాదు. తెలంగాణ వైపు బంధువులున్నవాళ్ళు అడిగి చూడండి. తొలకరికి చెరువు నిండి వాగు పారితే చేపలు ఎదురెక్కుతాయి, ఊరంతా వెళ్ళి పట్టుకుంటుంది. అవి కూడా గుడ్లు పెట్టబోతున్నవే. కొర్రమీను జంట తన ఎర్రటి పిల్లల గుంపుని కాపలా కాస్తూ తిరుగుతుంది. ఆ పెద్దచేపని పట్టేస్తే గుంపంతా పరాయి చేపల పాలు. దాన్ని రెండు రాష్ట్రాలూ రాష్ట్ర చేపగా గౌరవించుకున్నాయి.

మరి మనం ఏం చెయ్యాలి? ఏ రోజులు ఆపాలన్నది నేను చెప్పేది కాదు. ఏటిలో సెన చేప ఎప్పుడు ఎక్కువగా పడుతుందో, ఏ మలుపులో, ఏ లంక దగ్గర పిల్లలు కనిపిస్తాయో మీ రేవుల్లో పెద్దవాళ్ళకి తెలుసు. అది రాసిపెట్టాలి. ఈ కాలేజీ పిల్లలు ఆ పని తీసుకోవాలి. వచ్చే వరదల్లో ప్రతి రేవులో ఇద్దరు పిల్లలు కూర్చుని, పడిన పులస ఎన్ని, ఎంత పొడుగు, సెనవా కావా, ఏ తిథి అని నోటుపుస్తకంలో రాయండి. అది పట్టుకుని కాకినాడలో ఉన్న సముద్ర మత్స్య పరిశోధన కేంద్రానికి వెళ్దాం. వాళ్ళ లెక్క, మన లెక్క పక్కపక్కన పెడదాం. రేవువాడు తన కళ్ళతో చూసి రాయించిన లెక్క మీద వచ్చిన కట్టడిని రేవువాడే కాపాడతాడు.

చీరమేను విషయంలో మాత్రం ఇంకో ఏడు ఆగమని చెప్పలేను. వచ్చే ఏడు మన ఇంటికి వద్దందాం. సేరు ఎంతైనా సరే, వద్దు. అది అలవాటైన రుచి, పండగ రోజుల జ్ఞాపకం, నాకూ కష్టమే. కానీ ఒక గ్లాసుడు చీరమేనులో ఎన్ని వందల ప్రాణాలుంటాయో ఒక్కసారి తెల్ల పళ్ళెంలో పోసి చూడండి. నేను ఒకసారి బళ్ళో పిల్లల చేత లెక్కపెట్టించాను. లెక్క సగంలో ఉండగానే ఒక పాప, "మాస్టారూ, వీటికి కళ్ళున్నాయి" అంది. ఆ తర్వాత ఎవరూ లెక్కపెట్టలేదు.

నేరం వలదే అనుకుంటే అది కూడా అన్యాయం. ఏటి అడుగున ఇసుక తోడేస్తున్నాం. చెరువుల మురుగు డ్రెయిన్లలోకి, డ్రెయిన్లు ఏట్లోకి వదులుతున్నాం. పట్టణాల మురికి సరేసరి. రేవువాళ్ళని ఆగమని అడిగే హక్కు మనకి రావాలంటే, ఇసుక లారీ ముందు, మురుగు కాలువ ముందు కూడా మనమే నిలబడాలి. ఈ సభలో రైతులున్నారు, చెరువులున్నవాళ్ళున్నారు, హోటళ్ళవాళ్ళున్నారు, పంచాయతీ పెద్దలున్నారు. ఒక్కొక్కళ్ళూ తమ వంతు ఏమిటో చెబితేనే ఆ పెద్దాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళి, బాబాయ్, అవతలి గట్టువాడూ ఆగుతున్నాడు అని చెప్పగలను. ఆయనకి జవాబు ఇంకా బాకీ ఉన్నాను.

సభ అయ్యాక బయట బల్ల మీద ఒక పుస్తకం పెట్టించాను. అందులో మీ పేరు కంటే ముందు మీ రేవు పేరు, లేదా మీ ఊరి పేరు రాయండి. ధవళేశ్వరం నుంచి ఒక పక్క అంతర్వేది దాకా, ఇంకో పక్క యానాం, భైరవపాలెం దాకా ఉన్న ఊళ్ళన్నీ ఒక పటం మీద గుర్తుపెట్టి ఆ పుస్తకం పక్కనే ఉంచాం. ఏ రేవు పేరు ఇంకా రాలేదో చూసి, సంక్రాంతి లోపు అక్కడికి వెళ్తాం. నాతో పడవలో వచ్చేవాళ్ళు ఫోన్ నంబరు కూడా రాయండి.